వానాకాలంలో బీరువా తలుపు ఎందుకు బిగుస్తుంది?

వేసవిలో ఇంట్లోనే తీరిగ్గా చేసుకున్న చిన్న చెక్క బీరువా ఆగస్టు వచ్చేసరికి మొరాయిస్తుంది. తలుపు ఒరుసుకుంటుంది, సొరుగు సగంలో ఆగిపోతుంది. అంచుకు చిత్రిక పడితే అప్పటికి పని జరుగుతుంది కానీ, మళ్లీ వేసవికి అక్కడే సందు తేలుతుంది. తప్పు కొలతల్లో లేదు. చెట్టు కొట్టి ఏళ్లు గడిచినా కలప గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది.

తేమ ఎక్కడ ఉంటుంది?

పచ్చి కలపలో నీరు కణాల ఖాళీల్లోనూ, కణ గోడల్లోనూ ఉంటుంది. ఎండేటప్పుడు ముందుగా ఖాళీల్లోని నీరు పోతుంది. అప్పటికి కొలతలు దాదాపు మారవు. పూర్తిగా ఎండిన కలప బరువుతో పోలిస్తే తేమ సుమారు 30 శాతానికి దిగాక, గోడల్లోని నీరు బయటపడటం మొదలవుతుంది. కలప కుదించుకుపోయేది అప్పటి నుంచే.

చివరికి కలప తేమ చుట్టూ ఉన్న గాలికి తగ్గట్టు కుదురుకుంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 45 శాతం ఉంటే కలపలో తేమ సుమారు 8 శాతం; 75 శాతం ఉంటే సుమారు 14 శాతం.

పొడవు మారదు, వెడల్పు మారుతుంది

కణ గోడల్లోని సెల్యులోజ్ పోగులు ఎక్కువగా కాండం పొడవునా పరుచుకుని ఉంటాయి. నీటి అణువులు వాటి మధ్య చేరి పక్కలకు నెడతాయి. అందుకే పలక వెడల్పు మారుతుంది; పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుదించుకుపోతుంది. చాలా కలపలతో పోలిస్తే ఇది తక్కువే.

30 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలకను తీసుకుందాం. వెడల్పు వలయాల వెంబడి ఉండి, తేమ 8 నుంచి 14 శాతానికి పెరిగితే, పలక సుమారు మూడున్నర మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. తలుపు పక్కన 2 మిల్లీమీటర్ల సందు వదిలితే అది చాలదు.

చట్రంలో పలక

ఈ కదలికను మేకులతో, జిగురుతో ఆపాలని చూస్తే పలక పగులుతుంది లేదా వంగుతుంది. వడ్రంగులు అందుకే తలుపును చట్రంగా కట్టి, మధ్య పలకను గాడిలో జిగురు లేకుండా కూర్చోబెడతారు. పలక గాడిలోనే సాగుతుంది, ముడుచుకుంటుంది. తలుపు వెడల్పు మారేది నిలువు చట్రం ముక్కల వల్లే. ఒక్కొక్కటి 5 సెంటీమీటర్లు ఉంటే, రెండూ కలిసి మార్పు 1.2 మిల్లీమీటర్లకు మించదు.

ఏ నెలలో చేస్తున్నారన్నదీ ముఖ్యమే. మే నెలలో పలక సన్నగా ఉంటుంది కనుక గాడిలో ఖాళీ వదలాలి. ఆగస్టులో చేస్తే పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది. గాడి లోపలి దాకా కూర్చోబెట్టాలి. లేకుంటే వేసవిలో అంచు బయటపడుతుంది. విశాఖపట్నం గాలికి అలవాటుపడిన బీరువాను హైదరాబాద్ తెచ్చినా ఇదే జరగవచ్చు.

వార్నిష్ తేమను ఆలస్యం చేస్తుంది, ఆపదు. ఒకవైపే పూస్తే రెండు ముఖాలూ వేర్వేరు వేగంతో తేమ పీల్చుకుని పలక వంగుతుంది. రెండు వైపులా పూయాలి. బీరువా పైపలకను మరలతో బిగించేటప్పుడు రంధ్రాలను వెడల్పు దిశలో కాస్త కోలగా చేయాలి. వెనుక భాగానికి ప్లైవుడ్ వాడితే ఈ బెడద తక్కువ. అందులో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉండటంతో ఒకదాని కదలికను మరొకటి అడ్డుకుంటుంది.

కోతకు ముందు కొన్ని వారాలు కలపను బీరువా ఉండబోయే గదిలోనే ఉంచి, మధ్యమధ్య వెడల్పు కొలవాలి. కొలత మారడం ఆగాకే రంపం పట్టాలి.