నర్సు అనుభవానికి విలువెంత? ఒక అర్జీ నేర్పిన పాఠం

ప్రతి ఏటా జూన్ నెలలో మా విద్యా సహాయ కమిటీ ముందుకు అర్జీల కట్ట వస్తుంది. ఇంజనీరింగ్, బీఫార్మసీ, ఐటీఐ, డీఎడ్ మనకు అలవాటైనవే. గత ఏడాది వచ్చిన ఒక అర్జీ మాత్రం మమ్మల్ని మూడుసార్లు కూర్చోబెట్టింది. మీ విరాళాన్ని ఎలా ఖర్చు చేయాలో మాకు నేర్పింది కనుక దాని సంగతి మీకు చెప్పడం మా బాధ్యత.

అర్జీ పెట్టుకున్న సోదరి భద్రాచలం దాటాక అడవి అంచు మండలంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. జీఎన్‌ఎం పూర్తి చేసి ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నారు. భర్త ఆటో నడుపుతారు, ఇద్దరు పిల్లలు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో చేరతానని, నాలుగేళ్ల ఫీజులో సగమైనా ఇప్పించమని రాశారు.

పిలిపించి మాట్లాడాం. రాత్రి డ్యూటీలో చలిజ్వరంతోనో, కాన్పు నొప్పులతోనో వచ్చినవారిని ముందుగా చూసేది తానేనని చెప్పారు. వాగు పొంగితే ఆ రోగిని భద్రాచలం ఏరియా ఆసుపత్రికి పంపడానికీ వీలుండదు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి కూడా జనం వచ్చే ఆసుపత్రి అది. "చేతికి తెలిసిన పనికి చదువు కూడా తోడైతే బాగుంటుంది సార్" అన్నారామె. ఆ మాటలో అత్యాశ ఏమీ లేదు. అయితే ఆమె ఎంచుకున్న దారి అక్కడికి చేరుస్తుందా అన్నదే ప్రశ్న.

ముందు ఈ వృత్తి పుట్టిన తీరు చూద్దాం. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదట నర్సులనే అనుకున్నారు. 1950ల చివర్లో థెల్మా ఇంగిల్స్ అనే నర్సింగ్ అధ్యాపకురాలితో కలిసి, అనుభవం ఉన్న నర్సులకు పై చదువు చెప్పే పాఠ్యక్రమం తయారుచేశారు. నర్సింగ్ విద్యకు గుర్తింపునిచ్చే సంస్థ దానికి ఒప్పుకోలేదు. అప్పుడాయన నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారిని తీసుకున్నారు. 1965లో నలుగురితో కోర్సు మొదలైంది, 1967లో ముగ్గురు పట్టా పొందారు. అదే 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్సుల కోసమే 'నర్స్ ప్రాక్టీషనర్' చదువు ప్రారంభించారు. అలా ఒకే అవసరానికి రెండు వేర్వేరు దారులు పడ్డాయి.

మన దేశంలో ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు 1992లో మద్రాసు మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. రోగి వివరాలు సేకరించడం, పరీక్షించడం, ఆపరేషన్‌లో సాయపడటం ఈ ఉద్యోగి పనులు. ఏది చేసినా డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలి. కొలువులు ఎక్కువగా నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి.

ఆ సోదరి కాగితాలు దగ్గర పెట్టుకుని చూస్తే మూడు చిక్కులు కనిపించాయి.

మొదటిది అర్హత. ఈ డిగ్రీకి ఇంటర్‌లో సైన్సు చదివి ఉండాలి. జీఎన్‌ఎంలో ఆర్ట్స్ గ్రూపు వారికీ సీటు దొరుకుతుంది. ఈమె చదివింది సీఈసీ. అయినా నగరంలోని ఒక ఏజెంటు "సీటు నాది పూచీ" అని పదివేలు అడ్వాన్సు తీసుకున్నాడు.

రెండవది కాలం. డిగ్రీ సాధారణంగా ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. వార్డులో గడిపిన ఎనిమిదేళ్లను లెక్కలోకి తీసుకుని ఏడాదైనా తగ్గించే ఏర్పాటు మాకు కనిపించలేదు. నిన్న ఇంటర్ పాసైన పిల్లల పక్కన మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి.

మూడవది చట్టం. ఫిజీషియన్ అసోసియేట్లు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు. నర్సులది వేరే వ్యవస్థ, దానికి 2023లో వేరే చట్టం వచ్చింది. ఒకచోటి రిజిస్ట్రేషన్ రెండోచోట చెల్లదు.

మరి నర్సు అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే దారులు లేవా? ఉన్నాయి. జీఎన్‌ఎం వారికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా అడ్డు కాదు. ఆ డిగ్రీ చేతికొచ్చి, ఐసీయూ వంటి విభాగంలో ఏడాది పనిచేస్తే, భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ పీజీకి వెళ్లవచ్చు. ప్రసూతి సేవల మీద ఆసక్తి ఉంటే మిడ్‌వైఫరీ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే సర్కారీ నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం మార్గదర్శకాలు ఆ తర్వాత, 2018లో వచ్చాయి.

ఇంకో దారి మన పొరుగునే ఉంది. ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో తొలి ఆరోగ్య కేంద్రాన్ని 2018 ఏప్రిల్ 14న ప్రధాని ప్రారంభించింది బీజాపూర్ జిల్లా జాంగ్లాలో. బీజాపూర్ మన చర్ల అడవికి ఆనుకుని ఉన్న జిల్లా. ఇలాంటి కేంద్రాల్లో ఆరు నెలల సామాజిక ఆరోగ్య శిక్షణ పొందిన నర్సులు బీపీ, షుగరు పరీక్షలు చేస్తారు, డాక్టరు రాసిన మందులు కొనసాగిస్తారు, ఫోను తెర మీద డాక్టరుతో మాట్లాడిస్తారు. గిరిజన ప్రాంతాల్లో మూడు వేల మందికి ఒక ఉపకేంద్రం అన్నది ప్రమాణం. మన పల్లె దవాఖానాల్లోనూ ఇలాంటి నర్సులకు చోటుంది. అయితే ఇవి ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చినప్పుడే అందే అవకాశాలు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ దారుల్లో ఏదీ ఆమె అడిగినదాన్ని పూర్తిగా ఇవ్వదు. అమెరికాలోనైతే ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుకు దరఖాస్తు చేసే నర్సుకు వార్డులో పనిచేసిన గంటలు రోగి సేవా అనుభవంగా లెక్కకొస్తాయి. డిగ్రీ, సైన్సు సబ్జెక్టులు మాత్రం తప్పనిసరి. అక్కడ స్థిరపడిన మన కుటుంబాల్లో నర్సులుంటే ఈ విషయం గమనించాలి. ఇక్కడ అలాంటి వంతెన ఇంకా కట్టలేదు.

మూడో సిట్టింగులో ఇవన్నీ ఆమె ముందు పెట్టాం. నిర్ణయం ఆమెదే అన్నాం. వారం తర్వాత వచ్చి పోస్ట్ బేసిక్ బీఎస్సీకే వెళ్తానన్నారు. అప్పుడు అసలు ఖర్చు బయటపడింది. ఫీజు ఎంతో రసీదు చూస్తే తెలుస్తుంది. రెండేళ్లు ఆగిపోయే జీతానికి రసీదు ఉండదు. ఫీజు కట్టి చేతులు దులుపుకుంటే, రెండో నెల కిరాణా కొట్టు బాకీ దగ్గరే చదువు ఆగిపోతుంది. అందుకే ఫీజులో సగం, ఇంటి ఖర్చుకు నెలనెలా కొంత కలిపి ఇస్తున్నాం.

"చదివాక మళ్లీ అడవికే వస్తానని రాయించుకోండి" అని కొందరు దాతలు సూచించారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ జకాత్ సొమ్ము అందుకున్నవారి సొంతమవుతుంది, దానికి షరతు కట్టలేం. పైగా కాంట్రాక్టు కొలువు తిరిగి దొరుకుతుందన్న భరోసా మనం ఇవ్వలేనప్పుడు, తిరిగి రావాలన్న మాట ఆమె దగ్గర తీసుకోవడం న్యాయం కాదు.

దాతలకు మా విన్నపం ఇదే. పనిచేస్తున్న నర్సు ఎవరైనా సాయం కోరి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఆ చదువు ఆమె పాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటుందా? దానికి ఏ కౌన్సిల్ గుర్తింపు ఉంది? చదివినన్నాళ్లూ ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ మూడింటికీ జవాబు దొరికాకే చెక్కు రాయండి. ఏజెంటు తీసుకున్న పదివేలు ఇంకా తిరిగి రాలేదు. ఆ సోదరి మాత్రం మొదటి ఏడాది పరీక్షలు రాశారు.