పల్లాకు తెగులు మందుకు ఎందుకు లొంగదు?

మినుము, పెసర చేలో పల్లాకు తెగులు కనబడగానే మందుల దుకాణానికి పరుగెత్తే రైతులు చాలామందే ఉన్నారు. పసుపుబారిన ఆకును మళ్లీ మామూలు చేసే మందు ఏదీ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే మొక్క కణంలోకి తొంగిచూడాలి.

కణం లోపల కేంద్రకం అనే గది ఉంటుంది. మొక్క ఎలా పెరగాలో, ఎప్పుడు పూత పూయాలో చెప్పే జన్యువులు దాదాపు అన్నీ అందులోనే. దాని చుట్టూ రెండు పొరల గోడ. ఆ గోడకు సన్నని ద్వారాలుంటాయి. ద్వారబంధంతో కలిపి కొలిచినా ఒక్కో దాని వెడల్పు మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతే. చిన్న పదార్థాలు వాటంతటవే దూరిపోతాయి. పెద్ద మాంసకృత్తులకు అలా కుదరదు. మార్కెట్ యార్డు గేటు దగ్గర చీటీ చూపినట్టు, వాటి ఒంటి మీదే ఒక గుర్తు ఉండాలి. ఇంపోర్టిన్ అనే హమాలీ ఆ గుర్తు పట్టుకుని సరుకును లోపలికి మోస్తుంది. లోపల రాన్ అనే మరో మాంసకృత్తు వచ్చి తగిలితేనే బరువు దించుతుంది. బయటికి పోయే సరుకుకు గుర్తు వేరు, హమాలీ వేరు. మాంసకృత్తులు కణంలో ఎక్కడికి పోవాలో చెప్పే గుర్తు వాటిలోనే ఉంటుందని కనిపెట్టినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పల్లాకు వైరస్ దగ్గర ఉన్నది దొంగ చీటీ. తెల్లదోమ రసం పీల్చేటప్పుడు వైరస్ ఈనెల్లోని కణాల్లో పడుతుంది. దాని కవచం మీద అచ్చం మొక్క వాడే గుర్తులాంటిదే ఉంది. హమాలీ మోసపోయి దాన్ని నేరుగా కేంద్రకంలో దించుతుంది. ఇక మొక్క పనిముట్లతోనే వైరస్ తన నకళ్లు తీయించుకుంటుంది. తర్వాత తన మరో మాంసకృత్తు సాయంతో బయటపడి పక్క కణానికి పాకుతుంది.

మరి ఆ ద్వారాలు మూసేస్తే పోలేదా అనిపించవచ్చు. మూస్తే మొక్క సరుకూ ఆగుతుంది, మొక్కే చస్తుంది.

కాబట్టి వైరస్ కణంలో పడకముందే జాగ్రత్తపడాలి. మినుములో పి.యు. 31, ఎల్.బి.జి. 787, పెసరలో డబ్ల్యు.జి.జి. 42 వంటి తట్టుకునే రకాలు ఎంచుకోండి. కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి విత్తితే తొలిరోజుల్లో తెల్లదోమ బెడద తగ్గుతుంది. గట్ల మీద కలుపు పీకాలి. ఒకటి రెండు మొక్కలు పసుపుబారినప్పుడే, ఇంకా కాయ కాస్తుందేమోనని ఆశపడకుండా, పీకి పూడ్చిపెట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొడితే మాత్రం తెల్లదోమ ఇంకా పెచ్చుమీరుతుంది.