ఒకే హార్డ్‌డిస్క్, మూడు రకాల కంప్యూటర్లు

పెళ్లయిన కొన్నాళ్లకు స్టూడియో వాళ్లు వీడియోలు, ఆల్బం ఫొటోలు అన్నీ ఒక పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చి విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే మూడుముళ్ల ఘట్టానికి బదులు ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. అక్కడ నొక్కాల్సింది క్యాన్సిల్. హడావుడిలో ఫార్మాట్ నొక్కినవాళ్లే డేటా రికవరీ షాపుల చుట్టూ తిరుగుతుంటారు. చాలాసార్లు డిస్క్‌కు ఏ రోగమూ ఉండదు. స్టూడియోలో ఎడిటింగ్ మ్యాక్ మీద జరిగి ఉంటుంది, డిస్క్‌ను సిద్ధం చేసిందీ ఆ మ్యాకే, విండోస్‌కు ఆ రాత చదవడం రాదు. మ్యాక్ కూడా తనకు తెలియని డిస్క్‌ను చూస్తే ఇలాగే అడుగుతుంది, కాకపోతే ‘ఇనీషియలైజ్’ అంటుంది. అక్కడ ‘ఇగ్నోర్’ గానీ ‘ఎజెక్ట్’ గానీ నొక్కి బయటపడాలి.

ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకునే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్‌ది ఎన్‌టీఎఫ్‌ఎస్, 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. మ్యాక్‌ది 1998 నుంచి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017 నుంచి ఏపీఎఫ్‌ఎస్. లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది ఈఎక్స్‌టీ4. మ్యాక్ వాడే రెండింటినీ, లినక్స్ దాన్నీ విండోస్ ఎక్స్‌ప్లోరర్ తనంతట తాను తెరవలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది కానీ దాని మీద రాయదు. అందులోని ఫొటోలు చూసుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, కొత్తగా ఒక్క ఫైలు కూడా వేయలేం. ఈ విషయంలో లినక్స్‌దే కాస్త పెద్ద మనసు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది, రాస్తుంది కూడా.

మూడూ రాయగలిగేవి రెండే మిగులుతాయి: ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32ను పాత టీవీ నుంచి కారు స్టీరియో దాకా అన్నీ గుర్తుపడతాయి. కానీ అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. గంటల తరబడి సాగే పెళ్లి వీడియోకు ఆ హద్దు సరిపోదు. డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉన్నా ‘ఫైలు మరీ పెద్దది’ అని కాపీ ఆగిపోతోందంటే కారణం ఇదే. పాటల పెన్‌డ్రైవ్‌కు ఫ్యాట్32 చాలు, మిగతా అన్నిటికీ ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ దీన్ని 2006లో తెచ్చింది. మ్యాక్ 2010లో, 10.6.5 వెర్షన్‌తో అందుకుంది. మైక్రోసాఫ్ట్ 2019లో దీని వివరాలను బయటపెట్టాక లినక్స్ కెర్నల్‌లోకీ వచ్చింది. కెమెరాల్లో వాడే 64 జీబీ, 128 జీబీ ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు కంపెనీ నుంచి వచ్చేదే ఎక్స్‌ఫ్యాట్‌లో.

ఒక లోపం మాత్రం ముందే తెలుసుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటివి ఏ మార్పు చేయబోతున్నాయో ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటాయి. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసి సర్దుకుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ అలవాటు లేదు. కాపీ జరుగుతుండగా కేబుల్ ఊడితే ఆ ఒక్క ఫైలే కాదు, ఫోల్డర్ మొత్తం చెడే అవకాశం ఉంది. అందుకే ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ను మోసుకెళ్లడానికి వాడాలి. ఉన్న ఒక్క కాపీనీ దాంట్లోనే పెట్టి బీరువాలో దాచుకోవడం నాకైతే నచ్చని పని.

ఇక పనిలోకి. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు అందులోని సరుకు మొత్తం వేరే చోటికి మార్చండి. తర్వాత ఆ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న మిగతా పెన్‌డ్రైవ్‌లు, డిస్క్‌లు అన్నీ తీసేయండి. తప్పు డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా ఉండడానికి ఇంతకన్నా సులువైన ఉపాయం లేదు.

విండోస్‌లో ‘దిస్ పీసీ’ తెరిచి, డిస్క్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ‘ఫార్మాట్’ ఎంచుకోండి. వచ్చే చిన్న పెట్టెకు ఒక కథ ఉంది. దాన్ని రాసిన మైక్రోసాఫ్ట్ ఇంజినీరు డేవ్ ప్లమ్మర్, 1994లో తాత్కాలికంగా పనికొస్తుందని అలా పెట్టానని 2024లో చెప్పాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ తాత్కాలికమే నడుస్తోంది. అందులో ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్, అలొకేషన్ యూనిట్ దగ్గర డిఫాల్ట్, ‘క్విక్ ఫార్మాట్’ దగ్గర టిక్కు ఉంచి స్టార్ట్ నొక్కితే క్షణాల్లో అయిపోతుంది. పాత డిస్క్ మీద అనుమానం ఉంటే టిక్కు తీసేయండి. అప్పుడు డిస్క్ అంతా తడిమి చూస్తుంది, గంటలు పడుతుంది.

ఆ అలొకేషన్ యూనిట్ గురించి, అంటే ఒక్కో ఫైలుకు కేటాయించే కనీస జాగా గురించి, ఇంకో మాట. 32 జీబీ దాటిన డిస్క్‌లకు విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌లో 128 కేబీ యూనిట్ తీసుకుంటుంది. అంటే 2 కేబీ ఫైలుకూ 128 కేబీ జాగా పోతుంది. వీడియోలకు ఇది లెక్కలోది కాదు. ప్రోగ్రామర్ల ప్రాజెక్టు ఫోల్డర్లలో లక్ష చిన్న ఫైళ్లుంటే 12 జీబీకి పైగా మాయమవుతుంది. పైగా లినక్స్‌లో ఏ ఫైలును నడపొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే అనుమతులను ఎక్స్‌ఫ్యాట్ గుర్తుపెట్టుకోదు. అలాంటి ఫోల్డర్‌ను ముందు టార్ ఫైలుగా ఒక్కటి చేసి, దాన్నే కాపీ చేయడం మేలు.

మ్యాక్‌లో ‘డిస్క్ యుటిలిటీ’ తెరిచాక చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. పక్క జాబితాలో కనిపించేది డిస్క్ కాదు, డిస్క్‌లోని భాగం. ‘వ్యూ’ మెనూలో ‘షో ఆల్ డివైసెస్’ నొక్కితే అసలు డిస్క్ పై వరుసలో కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని ‘ఎరేజ్’ నొక్కండి. ఫార్మాట్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి. స్కీమ్ దగ్గర, కంప్యూటర్ల మధ్యే తిరిగే డిస్క్‌కు ‘జీయూఐడీ పార్టిషన్ మ్యాప్’ ఎంచుకోండి. టీవీకి కూడా తగిలించాలంటే, డిస్క్ 2 టీబీ దాటనంతవరకు ‘మాస్టర్ బూట్ రికార్డ్’ ఎంచుకోండి, పాత టీవీలు కొన్ని దాన్నే గుర్తుపడతాయి.

ఉబుంటులో ‘డిస్క్స్’ అనే అప్లికేషన్ ఉంటుంది. ఫార్మాట్ చేసేటప్పుడు ‘అన్ని సిస్టమ్‌లకూ, పరికరాలకూ’ అనే అర్థం వచ్చే వరుస ఊరిస్తుంది. అది ఫ్యాట్, మళ్లీ ఆ 4 జీబీ గోడే. కింద ‘అదర్’ ఎంచుకుని, తర్వాతి పేజీలో ఎక్స్‌ఫ్యాట్ పెట్టాలి. అది నొక్కడానికి వీల్లేకుండా ఉంటే ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరి.

డిస్క్ సిద్ధమైంది, ఇప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్త. లినక్స్‌లో ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు అన్నీ పెట్టొచ్చు. అలాంటి పేరున్న ఫైలును ఎక్స్‌ఫ్యాట్ తీసుకోదు. తెలుగు పేర్లు మూడింటిలోనూ చక్కగా కనిపిస్తాయి, ఒక్క ఐత్వం దగ్గరే చిక్కు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింద చేరే గీతా అని రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ఇలా విడదీసి దాచేది. అక్కడి నుంచి లినక్స్‌కు వచ్చిన ‘హైదరాబాద్ రిసెప్షన్’ ఫోల్డర్ కంటికి మామూలుగానే ఉంటుంది. అదే పేరు లినక్స్‌లో మళ్లీ టైపు చేసి వెతికితే దొరకకపోవచ్చు, ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కనే కనిపించనూ వచ్చు. పేరు ముందు తేదీ అంకెల్లో పెట్టుకుంటే వెతకడానికి ఆ అంకెలే చాలు.

కాపీ గీత నూరు శాతానికి చేరినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. మ్యాక్, లినక్స్ ముందు మెమరీలో పెట్టుకుని, తీరికగా డిస్క్ మీద రాస్తాయి. ‘ఎజెక్ట్’ నొక్కి, గుర్తు మాయమయ్యాకే కేబుల్ తీయండి. విండోస్ ఇప్పుడు వెంటనే తీసేయగలిగే పద్ధతినే పాటిస్తోంది కానీ, చిట్టా రాయని ఎక్స్‌ఫ్యాట్‌తో ఆ ధైర్యం దేనికి?

చివరిగా కాపీ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి. జీబీలు పోల్చకండి. ఒకే 1 టీబీ డిస్క్‌ను మ్యాక్ 1 టీబీ అనే చూపిస్తుంది, విండోస్ 931 జీబీ అంటుంది. మ్యాక్ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున. మ్యాక్‌లో ‘గెట్ ఇన్ఫో’, విండోస్‌లో ‘ప్రాపర్టీస్’ తెరిచి పెద్ద వీడియోలు ఒక్కోదాని బైట్లు పోల్చండి, చివరి అంకె దాకా కలవాలి. అది ‘సైజ్’ వరుసలో చూడాలి, ‘సైజ్ ఆన్ డిస్క్’లో కాదు. ఫోల్డర్ మొత్తం మీద ఫైళ్ల సంఖ్య విండోస్‌లో ఎక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు. మ్యాక్ తన అవసరానికి, పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్ ఉన్న చిన్న ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ మీద వదులుతుంది. టీవీలో ప్రతి వీడియో పక్కనా ప్లే కాని జంట ఒకటి కనిపించేది వాటివల్లే. విండోస్‌లో వాటిని తీసేసినా వీడియోలకు ఏమీ కాదు.