క్రాక్ దింపుకునే ముందు

తెనాలి

చిరంజీవి కిరణ్‌కి,

డీటీపీ షాపు తెరిచావనీ, అప్పుడే శుభలేఖల ఆర్డర్లు వస్తున్నాయనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. కానీ ఆ మాటల్లోనే, "సాఫ్ట్‌వేర్లన్నీ నెట్‌లోనే దింపుకున్నాడు, పైసా ఖర్చు కాలేదు" అని గొప్పగా చెప్పాడు చూడు, అక్కడ నాకు గుబులు మొదలైంది. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని రాస్తున్నాను.

పేజ్‌మేకర్ క్రాక్, ఫోటోషాప్ క్రాక్, అను ఫాంట్ల క్రాక్. మన ఊళ్ళలో చాలా షాపులు వీటి మీదే మొదలవుతాయి. దొంగ సరుకని నిన్ను దెప్పడం నా ఉద్దేశం కాదు. అప్పు చేసి షాపు పెట్టినవాడికి లైసెన్సు ఖరీదు ఎంత బరువో నాకు తెలుసు. నా భయం వేరు. ఆ జిప్ ఫైలుతో పాటు ఒక చిన్న నోటు వస్తుంది, చదివే ఉంటావు. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఉంటుంది. క్రాక్‌ని చూస్తే యాంటీవైరస్ ఎలాగూ అరుస్తుందని అందరి నమ్మకం కాబట్టి అది నిజంగా అరిచినా ఎవరూ వినరు. వైరస్ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కాపలావాణ్ణి మనమే సెలవిచ్చి పంపేసి, అనుమతి అడిగితే "ఎస్" కూడా మనమే నొక్కుతాం.

"స్టాప్" అనీ "డిజేవూ" అనీ పిలిచే రాన్సమ్‌వేర్ ఒకటుంది. 2018 చివరి నుంచి ఇది ఎక్కువగా క్రాకుల్లోనూ, దొంగ లైసెన్సు కీలు తయారుచేసే కీజెన్లలోనూ దాక్కునే వ్యాపించింది. పెద్ద కంపెనీల జోలికి పెద్దగా పోదు. ఇళ్ళలోవీ, విద్యార్థులవీ, నీలాంటి చిన్న షాపులవీ దానికి చాలు. లోపల ఫైళ్ళకు తాళాలు వేస్తూ, తెర మీద మాత్రం విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు నాటకమాడుతుంది. నువ్వు టీ తాగి వచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివరా ఒక కొత్త తోక ఉంటుంది, పక్కనే ఒక నోటు. 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో మమ్మల్ని కలిస్తే సగానికే ఇస్తాం అని. ఆ సగమే మన డబ్బులో నలభై వేల పైమాట. 2019లో ఎమ్సీసాఫ్ట్ అనే సంస్థ ఉచితంగా విరుగుడు విడుదల చేసింది గానీ, అది అందరికీ పనిచెయ్యదు. దొంగల సర్వర్ నుంచి నీ మెషీన్‌కే ప్రత్యేకంగా తాళం దిగితే ఆ విరుగుడు దాన్ని విప్పలేదు. పైగా కొన్నిసార్లు ఈ రాన్సమ్‌వేర్ పాస్‌వర్డులు దొంగిలించే ఇంకో ప్రోగ్రామునీ వెంటబెట్టుకొస్తుంది. బ్రౌజర్‌లో నువ్వు దాచుకున్న బ్యాంకు పాస్‌వర్డే కాదు, ఆధార్ ప్రింటు కోసం వచ్చి నీ దగ్గర జీమెయిల్ తెరిచిన ముసలాయన పాస్‌వర్డు కూడా పోవచ్చు. అందుకే షాపు మెషీన్‌లో ఎవరి పాస్‌వర్డూ సేవ్ చెయ్యకు.

ఇంకో పని ఇవాళే చెయ్యి. విండోస్‌లో ఫైలు పేరు చివర ఉండే తోకలు, అంటే ఎక్స్‌టెన్షన్లు, కనిపించేలా సెట్టింగ్ మార్చు. 2000 మే 4న మనీలా నుంచి బయల్దేరిన "ఐ లవ్ యూ" వైరస్ ఈ లొసుగుతోనే లోకాన్ని చుట్టేసింది. పేరులో టెక్స్ట్ ఫైలన్నట్టు టీఎక్స్‌టీ కనిపించేది, దాని తర్వాత ఉన్న అసలు తోక వీబీఎస్‌ని విండోస్ దాచేసేది. ఇన్నేళ్ళయినా మైక్రోసాఫ్ట్ ఆ తోకల్ని దాచే అలవాటు మానలేదు. ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అదే ఎత్తు ఫోన్లలోకి వచ్చింది, అదీ నీ వ్యాపారం పేరు మీద. వాట్సాప్‌లో పెళ్ళిపిలుపు అంటూ ఏపీకే ఫైలు పంపుతున్నారు. తెరిచి అనుమతులిస్తే నీకొచ్చే ఓటీపీలు ఆ మోసగాడు చదువుతాడు. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది గానీ యాప్‌గా రాదని నీ కస్టమర్లకి నువ్వే చెప్పు. ఎవరి డబ్బయినా పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమను.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయని కూడా వస్తారు. అసలు ఫోల్డర్ ఎక్కడికీ పోదు, దాన్ని దాచేసి ఆ స్థానంలో వైరస్ తన షార్ట్‌కట్ పెడుతుంది. మూలన చిన్న బాణం గుర్తున్న ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చెయ్యకు. అలాగే "నేను రోబోను కాను" అని నిరూపించుకోమంటూ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమనే పేజీ కనిపిస్తే వెంటనే మూసెయ్. నిజమైన పరీక్ష ఏదీ అలా అడగదు.

మరి పని ఎలా అంటావు. నువ్వు వాడే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాన్ని అక్కడితో ఆపేసింది. దాని బదులు పేజీలు కూర్చడానికి స్క్రైబస్, డిజైన్లు గీయడానికి ఇంక్‌స్కేప్ ఉన్నాయి. రెండూ ఉచితం, దొంగతనం అక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, గిడుగు లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఊరికే దొరుకుతాయి. శీర్షికలకి రామభద్ర నిండుగా ఉంటుంది, లోపలి మ్యాటర్‌కి మండలి నాకు నచ్చుతుంది. ప్రెస్సువాళ్ళు అను ఫైలే కావాలంటారని తెలుసు. దానికి మాత్రం లైసెన్సు కొనుక్కో.

క్రాక్ ఒకసారి నడిచిన మెషీన్‌లో యాంటీవైరస్ స్కాన్ చేసి శుభ్రమైందనుకోకు. ముందు డిజైన్లు, ఫోటోలు, కస్టమర్ల మ్యాటరు బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి, దాన్ని పీకి బీరువాలో పెట్టు. తగిలించి ఉంచిన డిస్క్‌కీ రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. తర్వాత మెషీన్‌ని ఫార్మాట్ చెయ్యి. పాస్‌వర్డులు మాత్రం ఫోన్‌లోంచి మార్చుకో. ఈ ఆదివారమే ఆ పని పెట్టుకో నాన్నా. అను లైసెన్సుకి డబ్బు తక్కువైతే మొహమాటపడకుండా అడుగు, పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక ఇద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య