కణపు పొర: పసుపు, నెయ్యి చెప్పే పాఠం

మైదుకూరు పరిసరాలలో పసుపు ఉడికించి ఆరబోసే రోజులలో పనివారి అరచేతులు పచ్చబడిపోతాయి. ఎంత కడిగినా నీటికి ఆ రంగు లొంగదు. కాస్త వేరుసెనగ నూనె (మా వైపు చెనిక్కాయల నూనె అంటారు) రాసి రుద్దితే చాలావరకు దిగుతుంది. పసుపులోని కుర్కుమిన్ అనే వర్ణద్రవ్యానికి నీటితో పొత్తు కుదరదు. అది స్నేహద్రవ్యంలో కరుగుతుంది.

మన దేహంలో ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొర కూడా ప్రధానంగా స్నేహమయమే. మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత మందం కూడా దానికి లేదు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల నుండి కొవ్వును వేరుచేసి నీటిపై పరచి కొలిచారు. అది కణాల ఉపరితలానికి సుమారు రెండింతలు వచ్చింది. అనగా ఆ పొరలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తలలు నీటి వైపు, తోకలు లోపలికి పెట్టుకుని ఉన్నాయన్నమాట. ఈ కొవ్వులో ప్రొటీన్లు తేలుతూ కదులుతుంటాయని 1972లో సింగర్, నికోల్సన్ వివరించారు. కనుక దీనిని గోడ అనుకోరాదు. ఇది చిక్కని ద్రవపు తెర.

సుశ్రుతుడు ధాతువులకు, ఆశయాలకు నడుమ ఏడు కళలను చెప్పాడు. ఈ పొర అదేనని కొందరు ఉత్సాహపడుతుంటారు. నేనంగీకరించను. సూక్ష్మదర్శిని లేని కాలానికి ఆ భారం మోపనక్కరలేదు.

కుర్కుమిన్ ఈ పొరలోనికి చొరబడి దాని అమరికను మార్చగలదని 2009లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. అయితే అది ప్రయోగశాలలో తయారుచేసిన పొరల మాట. దానిని పట్టుకుని పసుపు మాత్రలు మింగరాదు. మిరియపు సారం కలిపిన అట్టి మాత్రల వలన కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి. పోపులో చిటికెడు పసుపు వేరు, గాఢమైన సారం వేరు.

ఇక పొర సాగే గుణం. చలికాలపు వేకువన నెయ్యి పేరుకుంటుంది, నూనె జారుతూనే ఉంటుంది. నెయ్యిలో నిటారు తోకల కొవ్వు ఎక్కువ, అవి ఒకదానినొకటి ఆనుకుంటాయి. నూనెలో వంకర తోకలెక్కువ, అవి ఎడంగా ఉంటాయి. పొరలో రెండూ ఉంటాయి. వేడికి మరీ పలచబడకుండా, చలికి బిగుసుకుపోకుండా కొలెస్ట్రాల్ కాపాడుతుంది. ఆ పేరు వింటేనే బెదిరిపోయే గృహస్థులు ఇది గమనించాలి. తిన్న నెయ్యి నేరుగా పోయి పొరను గట్టిపరచదు. దేహం తన సమతను తాను చూసుకుంటుంది.

ఈ గుణం విలువ ఎర్ర రక్తకణంలో తెలుస్తుంది. ఏడెనిమిది మైక్రాన్ల ఆ కణం ప్లీహంలో అంతకంటె ఎంతో ఇరుకైన సందుల గుండా వంగి దూరిపోవాలి. పొర అడుగున ప్రొటీన్ల వల ఒకటి దానిని తిరిగి పూర్వరూపానికి తెస్తుంది. కొన్ని వంశాలలో పుట్టుకతోనే పొరకు, ఆ వలకు పట్టు సరిగా ఉండదు. కణం బంతిలా గుండ్రమై, వంగలేక, ప్లీహంలో చిక్కి నశిస్తుంది. అప్పుడు పాండురోగమూ, కామెర్లూ కలిసి వస్తాయి.

మన ప్రాంతంలో కామెర్లనగానే పసరు తాగిస్తారు. కాలేయపు కామెర్లు కొన్ని వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. కానీ పిల్లవానికి కళ్లు మాటిమాటికీ పచ్చబడుతూ, ముఖం పాలిపోయి, ఎడమ డొక్కలో గడ్డలా తగులుతుంటే, ఇంటిలో ఎవరికైనా చిన్న వయసులోనే పిత్తాశయపు రాళ్లు వచ్చి ఉంటే, పసరు కోసం తిరగవద్దు. రక్తపరీక్ష చేయించి, కణాల ఆకారం చూడమని ప్రత్యేకంగా అడగండి.