తెర మీది చుక్కల లెక్క

ముంగిట ముగ్గు పెట్టువారు ముందుగా చుక్కలు పెట్టుదురు. చుక్కలు పెరిగిన కొలది ముగ్గులో పనితనమునకు చోటు పెరుగును. వేయుటకు పట్టు కాలమును పెరుగును. టెలివిజన్ తెర మీది బొమ్మయు ఇట్టిదే. అడ్డముగను నిలువుగను బారులు తీరిన చుక్కలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు నిచ్చినచో బొమ్మ ఏర్పడును. ఈ చుక్కకు పిక్సెల్ అని పేరు. సినిమాలో ఈ రంగులు ముందే నిర్ణయింపబడి డిస్కులో నిలువయుండును. వీడియో ఆటలో అట్లు కాదు. ఆడువాడు మీట నొక్కిన పిమ్మట ఏ చుక్క ఏ రంగులో నుండవలెనో యంత్రము అప్పటికప్పుడు లెక్కగట్టి తేల్చవలెను. అదియు సెకనుకు ముప్పదిమారులో, అరువదిమారులో.

ఇండ్లలో ఆడుకొను గేమ్ కన్సోళ్ల నడుమ ఈ చుక్కలను గూర్చి గొప్ప పోటీ 2005, 2006 సంవత్సరములలో జరిగినది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో 2005 నవంబరులోను, సోనీ వారి ప్లేస్టేషన్ 3, నింటెండో వారి వీ అను యంత్రములు 2006 నవంబరులోను వెలువడినవి. ఆ దినములలో 1080 అను సంఖ్యకు కలిగిన గౌరవము ఇంతయని చెప్పరాదు. అయితే ఒక యంత్రము టెలివిజనుకు పంపు చుక్కలు వేరు, తాను నిజముగా లెక్కగట్టు చుక్కలు వేరు. ఈ భేదమును గ్రహింపనివాడు పెట్టె మీది అంకెను చూచి మోసపోవును.

మొదట పేర్లు తెలిసికొందము. 720పి అనగా అడ్డముగా 1280, నిలువుగా 720 చుక్కలు, మొత్తము 9,21,600. 1080పి అనగా అడ్డముగా 1920, నిలువుగా 1080, మొత్తము 20,73,600. మొదటిదానికి ఇది సరిగా రెండుంబావు రెట్లు. పాత పద్ధతియగు 480 గీతల బొమ్మలో, 640 చొప్పున, 3,07,200 చుక్కలు మాత్రమే. చివరనున్న ‘పి’ అక్షరము గీతలన్నియు వరుసగా ఒక్కమారే వచ్చునని తెలుపును. ‘ఐ’ అక్షరమున్నచో బేసి గీతలు ఒకమారు, సరి గీతలు మరియొకమారు వచ్చును. కావున 1080ఐ అనునది 1080పితో సమానము కాదు.

ఎక్స్‌బాక్స్ 360 వెలువడిననాడు దానికి హెచ్‌డీఎమ్‌ఐ తీగ తగిలించు రంధ్రమే లేదు. 1080ఐ వరకు పంపుచుండెను. 2006 సంవత్సరాంతమున కేవలము సాఫ్ట్‌వేరు మార్పుతో దానికి 1080పి లభించినది. 2007లో వచ్చిన ఎలైట్ నమూనాతో హెచ్‌డీఎమ్‌ఐ చేరినది. ప్లేస్టేషన్ 3 మొదటినుండియు హెచ్‌డీఎమ్‌ఐతోను, 1080పితోను వచ్చినది. వీ యంత్రము ఈ పందెములోనికే దిగక 480పి యొద్ద నిలిచిపోయెను.

సాఫ్ట్‌వేరు మార్చినంత మాత్రమున యంత్రపు బలము పెరుగునా? పెరుగదు. ఎక్స్‌బాక్స్ 360లో బొమ్మను గీయుటకు ప్రత్యేకముగా 10 మెగాబైట్ల, అనగా 1,04,85,760 బైట్ల చిన్న పలక యొకటి కలదు. ఒక్కొక్క చుక్కకు రంగు నిమిత్తము 4 బైట్లు, ఆ వస్తువు ఎంత దూరమున నున్నదో గుర్తుంచుకొనుటకు 4 బైట్లు, వెరసి 8 బైట్లు కావలెననుకొందము. 720పి బొమ్మకు 73,72,800 బైట్లు; పలకలో ఇముడును. 1080పి బొమ్మకు 1,65,88,800 బైట్లు, ఇముడదు. ఇమడనప్పుడు బొమ్మను ముక్కలుగా విభజించి ఒకదాని తరువాత ఒకటి గీయవలెను. రెండు ముక్కల మీదికి వ్యాపించిన వస్తువును రెండుమారులు పరామర్శింపవలసి వచ్చుటచే కాలము వ్యర్థమగును.

2007 సెప్టెంబరులో విడుదలైన హేలో 3 అను ఆటయే ఇందుకు చక్కని నిదర్శనము. దానిని కొందరు ఔత్సాహికులు పరీక్షించిరి. వాలుగానున్న అంచును పెద్దది చేసి చూచినచో అది మెట్లు మెట్లుగా కనబడును. బొమ్మ నిజముగా 720 గీతలదే అయినచో గీతకొక మెట్టు ఉండవలెను. ఇందులో తొమ్మిది గీతలకు ఎనిమిది మెట్లే ఉన్నవి. 720ని తొమ్మిదిచే భాగించి ఎనిమిదిచే గుణింపుడు: 640 వచ్చును. ఆటను నిర్మించిన బంజీ సంస్థవారును అది 1152×640 అని ఒప్పుకొనిరి. వెలుగునీడల తారతమ్యము చెడకుండుటకై తాము రంగులను రెండు ప్రతులుగా గీయుచున్నామని వారు చెప్పిన కారణము. అట్లయిన చుక్కకు 12 బైట్లు. 720పికి 1,10,59,200 బైట్లు కావలెను, పలక చాలదు. 1152×640కి 88,47,360 చాలును. నా మట్టుకు ఇది దోషమని తోచదు. సూర్యకాంతి నీటిపై తళుకుమనుటకై కొన్ని చుక్కలను వదలుకొనిరి, అంతియే.

అదే సంవత్సరపు కాల్ ఆఫ్ డ్యూటీ 4 మరింత తగ్గి 1024×600తో గీయబడినది. చుక్కలు 6,14,400 మాత్రమే. కాని సెకనుకు అరువది బొమ్మలు. అనగా సెకనుకు 3,68,64,000 చుక్కలు. 720పి ఆట ముప్పది బొమ్మలతో నడచినచో 2,76,48,000 మాత్రమే. తక్కువ చుక్కల ఆటయే ఎక్కువ పని చేయుచున్నదన్న మాట.

ఇట్లు తగ్గించి గీసిన బొమ్మను తెరకు సరిపడునట్లు సాగదీయు భాగమును స్కేలర్ అందురు. చిన్న ముగ్గులోని చుక్కలను ఎడముగా జరిపి పెద్ద వాకిలి నింపినట్లు ఇది పనిచేయును. వాకిలి నిండును గాని ముగ్గులో కొత్త మెలిక ఒక్కటియు చేరదు. ఎక్స్‌బాక్స్ 360 ఈ పనిని తనంత తానే చేసి టెలివిజను కోరిన కొలతలో పంపుచుండెను. ప్లేస్టేషన్ 3 యందు తొలుత ఈ సౌకర్యము సరిగా లేదు. అమెరికాలో ముందుగా హై డెఫినిషన్ టెలివిజన్లు కొన్నవారిలో కొందరి తెరలు 480, 1080ఐ సంకేతములనే గ్రహించునవి; 720పి వానికి తెలియదు. అట్టి తెరకు ప్లేస్టేషన్ 3 తగిలించి 720పి ఆట నాడినచో, యంత్రము దానిని 1080కి సాగదీయలేక 480కి దిగజార్చెను. 499, 599 డాలర్లకు అమ్మిన యంత్రము ఆ యిండ్లలో 250 డాలర్ల వీ యంత్రముతో సమానమైన గీతలు చూపినది!

అట్లని 1080పి ఒట్టి మాట యనరాదు. ప్లేస్టేషన్ 3తో పాటు వచ్చిన రిడ్జ్ రేసర్ 7 అను కార్ల పందెపు ఆట నిజముగనే 1920×1080తో, సెకనుకు అరువది బొమ్మలతో నడచినది. గ్రాన్ టురిస్మో 5 ప్రోలాగ్ మాత్రము పందెములలో 1280×1080తో సరిపెట్టుకొనెను. ‘1080’ అను సంఖ్య నిలువుగా పేర్చిన అడ్డు గీతలనే లెక్కించును గదా. అడ్డముగా తగ్గించినను పేరు చెడలేదు.

కంటి సంగతియు చూడవలెను. సాధారణ దృష్టి కలవాడు సుమారు ఒక నిమిషపు కోణము, అనగా డిగ్రీలో అరువదవ వంతు ఎడమున్న రెండు గీతలను వేరుగా గుర్తింపగలడు. 32 అంగుళముల తెర ఎత్తు దాదాపు 40 సెంటీమీటర్లు. 720 గీతలైనచో ఒక్కొక్కటి 0.55 మిల్లీమీటరు. ఆ గీతలు దాదాపు 1.9 మీటర్ల దూరమున ఒకదానిలో నొకటి కలిసిపోవును. అంతకంటె వెనుక కూర్చున్నవానికి 1080 గీతలు ఇచ్చిన లాభమేమి? వీ యంత్రము పది కోట్లకు పైగాను, తక్కిన రెండును ఒక్కొక్కటి ఎనిమిది కోట్లకు పైగాను అమ్ముడుపోయిన సంగతిని ఇచ్చట జ్ఞాపకము చేసికొనవచ్చును. ఆటలోని కొత్తదనమును, అల్ప ధరయును దానికి తోడైనవి.

2013 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్, ప్లేస్టేషన్ 4 యంత్రముల నడుమ ఈ వివాదమే మరల పుట్టినది. కాల్ ఆఫ్ డ్యూటీ: గోస్ట్స్ అను ఒక్క ఆటయే మొదటిదానిలో 720, రెండవదానిలో 1080 గీతలతో నడచెను. ఎక్స్‌బాక్స్ వన్‌లోని వేగపు పలక 32 మెగాబైట్లు, అనగా 3,35,54,432 బైట్లు. చుక్కకు 16 బైట్లు కావలసిన ఆట 1080పిలో దానియందు ఇముడునా? 20 బైట్లు కావలసినచో ఇముడునా? ఇమడనియెడల 1600×900కి తగ్గించినచో ఎన్ని బైట్లు మిగులును? విద్యార్థులు స్వయముగా లెక్కించి చూతురుగాక.