మట్టి సంగతి పురుగునడుగు

బిడ్డా,

ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకు మన నగరంలోని భద్రకాళి చెరువు మట్టిని ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. 2024 చివర్లో నీళ్లు ఖాళీ చేసి పూడిక తీయబూనినప్పటి నుంచి, ఆ మట్టి చేలకు పనికొస్తుందా అన్న ప్రశ్న నన్ను తొలుస్తోంది. మన దగ్గర చెరువు మట్టి అంటే చేనుకు బలం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి మరీ తోలుకున్నారు. పల్లె చెరువుకు ఆ నమ్మకం చాలు. ఏళ్ల తరబడి నగరం మోరీలు కలిసిన చెరువుకు చాలదు, పరీక్ష కావాలి.

ల్యాబుకు పంపితే సీసం ఇంత, జింకు ఇంత, కాడ్మియం ఇంత అని కాగితం వస్తుంది. అదీ అవసరమే. కానీ ఆ లోహాల్లో ఎంత మట్టిని పట్టుకొనే ఉంది, ఎంత ప్రాణి ఒంట్లోకి పోతుంది అన్నది ఆ కాగితంలో ఉండదు. వెతకని మందు పేరు పట్టికలోకే రాదు. ప్రాణి మాత్రం అన్నిటికీ కలిపి ఒకేసారి జవాబిస్తుంది.

ఆ జవాబు కోసం డాఫ్నియా అనే చిన్న ప్రాణి దగ్గరే ఆగిపోకు. దానితో పని సులువు: పుట్టి 24 గంటలు దాటని పిల్లల్ని పరీక్షించే నీళ్లలో 48 గంటలు ఉంచి, కదలని వాటిని లెక్కపెట్టడమే. అయితే అది నీళ్లలో ఈదే జీవి. నీళ్లలోకి దిగిన విషం వరకే చెబుతుంది. పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందులు నీళ్లలో నిలవవు, బురదకు అతుక్కుంటాయి. వాటి సంగతి బురదలో బతికేదాన్నే అడగాలి. కైరోనమస్ పిల్లపురుగు అలాంటిదే. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండటంతో ఎర్రగా ఉంటుంది, ఆక్సిజన్ తగ్గిన బురదలోనూ బతుకుతుంది. ఒకసారి లెన్సు కింద చూడు: నోటి నుంచి తీసిన పట్టుదారంతో మట్టి రేణువులు అతికించి గొట్టంలాంటి గూడు కట్టుకుంటుంది. అందులో ఒళ్లు ఊపుతూ నీళ్లు ఆడిస్తుంది. చుట్టూ ఉన్న బురదనే తింటుంది. దీనికి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2004లో ఇచ్చిన 218వ పరీక్ష పద్ధతి ఉంది. మందు కలిపిన మట్టి కోసం రాసిందే అయినా, నడిపే తీరు నీకు పనికొస్తుంది. పురుగు రెక్కలొచ్చి ఎగిరేదాకా, 28 రోజుల వరకూ చూడాలి. ఎన్ని చచ్చాయన్నది ఒక్కటే చాలదు. ఎన్ని ఎగిరాయి, ఎన్నాళ్లు ఆలస్యంగా ఎగిరాయి అన్నదాంట్లో అసలు విషయం ఉంటుంది.

అన్నిటికన్నా ముందు కంట్రోల్ నిలబడాలి. మంచి మట్టిలో పెట్టిన వాటిలో నూటికి 70 అయినా ఎగరకపోతే మిగతా లెక్కంతా చెల్లదు. 20 డిగ్రీల దగ్గర ఉంచాలి, కాబట్టి మన ఎండాకాలాన్ని నమ్ముకోకు. కుళాయి నీళ్లు నేరుగా పోయకు, క్లోరినే చంపేస్తుంది.

పురుగు చావగానే మోరీ విషమని రాయకు బిడ్డా. కుళ్లిన బురదలో పుట్టే అమ్మోనియా కూడా చంపుతుంది. అమ్మోనియా, ఆక్సిజన్, పీహెచ్ కొలిచి రాసుకుంటూ ఉండు. బతికితే పంటకు మంచిదని కూడా రాయకు. కాడ్మియం ఆకుకూరలోకి ఎక్కుతుందా లేదా అన్నది ఈ పురుగు చెప్పలేదు. రైతు నీ రాతను నమ్మి ట్రాక్టరు కట్టవచ్చు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

నీళ్ల కింది బురద, ఒడ్డెక్కి ఎండిన పూడిక రెండూ వేర్వేరుగా తెచ్చుకో. గాలి తగిలితే సల్ఫైడుతో కట్టుబడి ఉన్న లోహాలు విడిపోతాయి, కాబట్టి ఒకదాని జవాబు రెండోదానికి పనికిరాదు. బురదను ఎండబెట్టకుండా డబ్బా నిండా నింపి, మూత బిగించి, చీకట్లో 4 డిగ్రీల చలువలో దాచు. కంట్రోల్ మట్టికి మోరీ కలవని, పత్తి చేల నీరు దిగని కుంట కావాలి. అది దొరకడమే కష్టం. ధర్మసాగర్ వైపు వెతుకుదాం, ఆదివారం నేనూ వస్తాను.

మీ పెద్దనాయన